మంగలి కత్తికి ఇంట్లో ఏ సానరాయి కొనాలి?

చిత్తూరు నుంచి ఒకరు అడిగిన ప్రశ్న ఇది, నా మాటల్లో చెబుతున్నా. తాతగారి మడత కత్తి పాత ట్రంకు పెట్టెలో దొరికింది. తోక మీద సొలింగెన్ అని చెక్కి ఉంది. దాంతో ఇంట్లోనే గడ్డం గీసుకోవాలని సరదా. వీడియోల్లో చూస్తే ఒకాయన ఏడు రాళ్ళు వరసగా పేర్చి నూరుతున్నాడు. అన్ని కొనే స్తోమత లేదు. హార్డ్‌వేర్ షాపులో దొరికే రెండు వైపుల నల్ల రాయి సరిపోతుందా? లేకపోతే ఏ నంబరు రాయి కొనాలి?

ముందు జవాబు చెప్పేస్తాను. ఆ నల్ల రాయి వద్దు. ఏడు రాళ్ళూ వద్దు. కత్తికి ఒకసారి సరిగ్గా పదును పెట్టించి ఉంటే, ఆ పదును ఇంట్లో నిలుపుకోవడానికి 12000 నంబరు రాయి ఒకటి, తోలు పట్టీ ఒకటి చాలు. కొన్నాళ్ళకు చేయి కుదిరాక 8000 ఒకటి కలుపుకోండి. అంతకంటే గరుకు రాళ్ళన్నీ చెడిన కత్తిని బాగుచేసే పనికి. ఈ తేడా తెలియక చాలామంది అక్కర్లేని రాళ్ళు కొంటారు, కొన్నాం కదా అని కత్తిని వాటి మీద అరగదీస్తారు.

నా సంగతి రెండు ముక్కల్లో. మాది తిరుపతి. మా నాయన తీర్థకట్ట వీధిలో ఒక చిన్న గదిలో పని చేసేవాడు. చిన్నాన్న కొండ మీద తలనీలాలు తీసేవాడు. నేను పదమూడో ఏట కత్తి పట్టి, ముప్పై ఏళ్ళకు పైగా షాపు నడిపి, ఇప్పుడు కొర్లగుంటలో ఇంటి పట్టున ఉన్నాను. ఈ రోజుల్లో షాపుల్లో అయినా కల్యాణకట్టలో అయినా సగం బ్లేడు పెట్టే కత్తే వాడతారు. మనిషికో బ్లేడు, అదే మంచిది, ఒకరి రక్తం ఇంకొకరికి తగలదు. దాంతో సాన పట్టడం తెలిసినవాళ్ళు మా వాళ్ళలోనే తగ్గిపోయారు. నేను మాత్రం నా గడ్డం నాయన కత్తితోనే గీసుకుంటాను. రాళ్ళ పిచ్చి నాకూ ఒకప్పుడు పట్టింది, మీరు చూసిన వీడియో ఆయనలాగే ఏడు కొన్నాను. ఇప్పుడు రెండే బయట ఉంటాయి. తక్కిన ఐదూ మా ఆవిడ పప్పు డబ్బాల వెనక ఎక్కడో పెట్టింది, నేనూ అడగలేదు.

వంటింటి కత్తికీ మంగలి కత్తికీ నూరడంలో ఒక పెద్ద తేడా ఉంది. అది అర్థమైతే రాయి ఎంచుకోవడం సగం తేలిపోతుంది. వంటకత్తిని రాయి మీద ఎంత ఎత్తి పట్టుకోవాలో మీ చేతికి తెలియాలి. మంగలి కత్తికి ఆ బెంగ లేదు. వీపూ (మందంగా ఉండే పై అంచు), వాదరా (పదునైన అంచు) రెండూ రాయికి ఆనేలా పడుకోబెట్టి తోయడమే. వీపు ఎంత మందం, కత్తి ఎంత వెడల్పు అన్నదాన్ని బట్టి కోణం దానంతట అదే కుదురుతుంది. 16 మిల్లీమీటర్ల వెడల్పు కత్తికి వీపు నాలుగున్నర మిల్లీమీటర్లు ఉంటే, రెండు వైపులా కలిపి 16 డిగ్రీల కోణం వస్తుంది. మామూలు వంటకత్తికి దీనికి రెట్టింపు ఉంటుంది. తయారుచేసినవాడు ఆ లెక్క చూసుకునే వీపు మందం పెట్టాడు.

అంటే ఏమిటి? మీరు రాయి మీద తోసిన ప్రతిసారీ వాదరతో పాటు వీపు కూడా అరుగుతుంది. సన్నటి రాయి మీద ఆ అరుగుదల లెక్కలోకి రాదు. గరుకు రాయి మీద తరచూ నూరితే మాత్రం వీపు అరిగి చదునైపోతుంది, కత్తి రూపం పోతుంది. పాత కత్తులు చాలావరకు పోయింది గడ్డాలు గీసి కాదు, ఇట్లా రాళ్ళ మీదే.

ఇక నంబర్ల సంగతి. నంబరు పెరిగేకొద్దీ రాయిలోని రేణువు సన్నబడుతుంది. జపాన్ షాప్టన్ వాళ్ళ గ్లాస్ రాళ్ళ లెక్కలో 1000 అంటే రేణువు 14.7 మైక్రాన్లు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), 8000 అంటే 1.84 మైక్రాన్లు. ఇక్కడే ఒక మెలిక ఉంది. ఈ నంబర్లు కంపెనీ కంపెనీకీ మారతాయి. అమెరికా నార్టన్ వాళ్ళ 8000 రాయి రేణువు 3 మైక్రాన్లు. రెండింటి మీదా 8000 అనే ఉంటుంది, ముఖం మీద మాత్రం తేడా తెలుస్తుంది. కాబట్టి కొనేటప్పుడు నంబరుతో ఆగకుండా మైక్రాన్లు ఎంతో కూడా చూడండి. ఆఖరి రాయి 1 మైక్రాను ప్రాంతంలో ఉండాలి. పేరూ ఊరూ లేని రాయి మీద "10000" అని అచ్చేసి ఆన్‌లైన్‌లో అమ్మినదాన్ని నేనూ ఒకసారి చవగ్గా వస్తోందని కొన్నాను. భూతద్దంలో చూస్తే కత్తి మీద దువ్వెన గీసినట్టు గీతలు. దాన్ని ఇప్పుడు కొబ్బరి కోరే పీటకు వాడుతున్నాం, ఆ పనికి బాగానే ఉంది.

పని మెట్లు ఇట్లా ఉంటాయి. 1000 రాయి వాదరకు రెండు పక్కలా వాలు పెడుతుంది. ఆ సన్నటి మెరిసే గీతనే బెవెల్ అంటారు. 4000, 5000 ప్రాంతం రాయి దాని గీతలు చెరుపుతుంది. 8000 దగ్గర కత్తి గడ్డం గీసే స్థితికి వస్తుంది. 12000 మంట లేకుండా చేస్తుంది. మొదటి రెండు మెట్లూ కత్తి జీవితంలో ఒకటి రెండుసార్లు ఎక్కేవి, కింద పడి అంచు రాలితేనో తుప్పు తింటేనో తప్ప మళ్ళీ వాటితో పని పడదు. మీ చేతికి మళ్ళీ మళ్ళీ పని పడేది ఆఖరి మెట్టుతోనే.

ఇప్పుడు ఆ నల్ల రాయి ఎందుకు వద్దన్నానో చూడండి. కార్బొరండం రాయి అంటారు దాన్ని. గరుకు వైపు నూరు, నూటయాభై ప్రాంతం, నున్న వైపు మహా అయితే రెండు మూడు వందల ప్రాంతం ఉంటుంది. కొడవలికి, ఉలికి, గొడ్డలికి అది బంగారం. మంగలి కత్తి వాదర మందం ఒక మైక్రానులోపే ఉండాలి, ఆ రాయి రేణువులేమో పదుల మైక్రాన్లు. దాని మీద నాలుగుసార్లు తోస్తే, ఆ గుర్తులు చెరపడానికి నాకు 1000 రాయి మీద పూట పడుతుంది.

కడప బండ మీద నూరవచ్చా అని కూడా కొందరు అడుగుతుంటారు, నున్నగా కనిపిస్తుంది కదా అని. కడప బండ సున్నపురాయి. గట్టిపడిన ఉక్కు కంటే అది మెత్తన, ఉక్కును కోయదు. మధ్యమధ్య ఇసుక రేణువులు ఉంటే మాత్రం అవి గీరేస్తాయి. అంటే పని జరగదు, నష్టం మాత్రం జరుగుతుంది.

సైకిల్ మీద సాన చక్రం తిప్పేవాళ్ళకు, కరెంటు గ్రైండర్‌కు మంగలి కత్తి ఎప్పుడూ ఇవ్వకండి. చంద్రగిరి నుంచి ఒక రిటైర్డు మాస్టారు తన మామగారి కత్తి తెచ్చారు ఒకసారి. వీధిలో వెళ్తున్న అతనికి ఇచ్చి పదును పెట్టించారట. వాదర పొడుగునా నెమలి మెడ రంగు. ఉక్కు నీలం తిరిగిందంటే వేడి 300 డిగ్రీల దాకా పోయిందని. ఈ కత్తులకు గట్టిదనం ఇచ్చాక 200 డిగ్రీల లోపే ఆపుతారు. అది దాటితే ఉక్కు మెత్తబడుతుంది, ఎంత నూరినా ఆ పదును ఒక గడ్డానికి నిలవదు. పైగా చక్రం మీద వాదర ఒక్కటే అరిగింది, వీపు అట్లాగే ఉంది. వెడల్పు తగ్గి వీపు మందం తగ్గకపోతే కోణం లావైపోతుంది. మాస్టారికి ఏం చెప్పాలో తెలియక, గుర్తుగా అద్దాల బీరువాలో పెట్టుకోండి సార్ అన్నాను. ఆ చక్రం తిప్పే అతని తప్పు కూడా కాదు, కత్తిపీటలకూ కత్తెరలకూ అలవాటైన చేయి అది.

ఇక ఏ రాయి. కృత్రిమ రాళ్ళలో జపాన్‌వి నాకు బాగా నచ్చాయి, నేను వాడేవి అవే. నానివా 12000 మెత్తగా ఉంటుంది, కొత్త చేతికి అనువు. కత్తి దాని మీద వెళ్తుంటే చేతికి తెలుస్తుంది. షాప్టన్ గట్టిది, త్వరగా కోస్తుంది, తక్కువ అరుగుతుంది, కానీ అద్దం మీద తోసినట్టు ఉంటుంది, చేతికి కబురు తక్కువ. మొదటి రాయిగా నేను నానివానే చెబుతాను. నార్టన్ 4000/8000 జంట రాయి మీద నేర్చుకున్నవాళ్ళు ప్రపంచమంతా ఉన్నారు, చవగ్గా చేతికొస్తే కాదనకండి, కానీ దాని తర్వాత తోలు మీద కాస్త ఎక్కువ పని ఉంటుంది. కింగ్ 1000/6000 వంటకత్తులకు చాలా మంచి రాయి. మంగలి కత్తికి 6000 దగ్గర ఆగితే గీయడం గీస్తుంది, ముఖం మండుతుంది.

వీటన్నిటికీ నీళ్ళే, నూనె వేయకూడదు. నీటి రాయికి నూనె ఒక్కసారి పట్టిందంటే తర్వాత అది దేనికీ పనికిరాదు. నీళ్ళలోనూ రెండు రకాలు. కింగ్ లాంటివి పావుగంట నానబెట్టాలి, బుడగలు ఆగేదాకా. షాప్టన్, నానివా లాంటివి పైన నీళ్ళు చిలకరిస్తే చాలు, నానేస్తే చెడతాయి. మన ఊళ్ళ ఎండ సంగతి వీటిని తయారుచేసినవాళ్ళకు తెలిసి ఉండదు. ఒక మే నెలలో నూరడం అయ్యాక రాయి మిద్దె మీద పిట్టగోడ పైన ఆరబెట్టి కిందికొచ్చాను. సాయంత్రానికి అడ్డంగా బీట. నెల రోజులు ఎదురుచూసి తెప్పించుకున్న రాయి అది. రాయి నీడలోనే ఆరాలి, ఫ్యాను గాలి కూడా నేరుగా తగలకూడదు. గుడ్డ మీద నిలబెట్టి వదిలేయండి, రేపటికి ఆరుతుంది.

డబ్బు నిజంగా ఇబ్బంది అయితే ఒక దారి ఉంది, నేను సిగ్గుపడకుండా చెబుతాను: ల్యాపింగ్ ఫిల్ము. ఫైబర్ ఆప్టిక్ కేబుళ్ళ కొసలు మెరుగు పెట్టడానికి వాడే పలచటి ప్లాస్టిక్ షీట్లు ఇవి. 3ఎం లాంటి కంపెనీలవి 12, 9, 5, 3, 1, 0.3 మైక్రాన్లలో దొరుకుతాయి. అద్దం మీదో గ్రానైటు మీదో నీళ్ళు చల్లి అతికిస్తే పట్టుకుని కూర్చుంటుంది. ఎ4 సైజు షీటు నిలువునా కోస్తే మూడు పట్టీలు. నిలుపుకోవడానికి 1 మైక్రాను ఒక్కటే కొనుక్కోండి. రాయిలో చిన్న వంతు ఖర్చు. చదును చేసుకునే బాధ లేదు, అరిగితే పారేయడమే. ఫిల్ము పదును కొంచెం కరుకుగా ఉంటుందని కొందరంటారు, నిజమే. ఫిల్ము కింద తడిపిన మామూలు తెల్లకాగితం ఒకటి పరిస్తే ఆ కరుకు చాలావరకు తగ్గుతుంది. మా అల్లుడికి నేను కొనిచ్చింది ఇదే. రెండేళ్ళయింది, ఇంకా రాయి అడగలేదు.

సహజ రాళ్ళ జోలికి మొదటే వెళ్ళకండి. వాటి మీద నాకు ప్రేమ లేక కాదు. బెల్జియంలో ఆర్డెన్స్ కొండల దగ్గర తవ్వే కొటికుల్ అనే లేత పసుపు రాయి ఒకటి నా దగ్గర ఉంది. అందులో కోసేది గార్నెట్ రేణువులు, మన గోమేదికం జాతి. ఆ రేణువులు గుండ్రంగా ఉండటం వల్ల లోతుగా గీరవు. అదే రాయి చిన్న ముక్కతో పైన నీళ్ళు వేసి రుద్దితే, సాన మీద గంధం తీసినట్టు పాలు వస్తాయి. ఆ గంధం చిక్కగా ఉంటే త్వరగా కోస్తుంది, నీళ్ళు కలుపుతూ పలచన చేస్తూ పోతే సన్నటి రాయిలా పని చేస్తుంది. ఒకే రాయి మీద వాలు నుంచి మెరుగు దాకా వెళ్ళవచ్చు. చెప్పడానికి బాగుంది, చేతికి రావడానికి నాకు ఏడాది పట్టింది. ఒక కొటికుల్ ఇంకోదాన్లా ఉండదు, ఎవరి రాయిని వాళ్ళే మచ్చిక చేసుకోవాలి. ఆ పసుపు రాయితో గీసుకున్న గడ్డం మాత్రం వేరు, పట్టు రాసుకున్నట్టు ఉంటుంది. అమెరికా ఆర్కన్సా రాయి గట్టిది, చాలా నెమ్మది. జపాన్ కొండరాళ్ళు ఖరీదు, నకిలీలూ ఎక్కువ. చైనా 12000 అని అమ్మే ముదురు బూడిద రంగు సహజ రాయి చవకే, పనీ చేస్తుంది, కానీ వంద నూటయాభై తోపులు పడతాయి, ఓపిక ఉన్నవాళ్ళకు.

మీ తాతగారి పెట్టెలో కత్తితో పాటు అరచేతిలో పట్టే చిన్న నున్నటి రాయి ఏమైనా ఉందేమో మళ్ళీ వెతకండి. పాతకాలం మా పొదుల్లో, అంటే పనిముట్ల సంచుల్లో, అది తప్పనిసరి. బార్బర్ హోన్ అంటారు, ఇప్పటి స్లొవేనియా దేశంలోని మారిబోర్ ఊళ్ళో తయారైన స్వాటీ అనే రాయికి అప్పట్లో పేరు. మనిషికీ మనిషికీ మధ్య ఐదారు తోపులు తోయడానికి చేసినవి. చిన్నాన్న నడుముకు గుడ్డలో చుట్టి పెట్టుకునేవాడు, అక్షరాలన్నీ అరిగిపోయి సబ్బు బిళ్ళలా ఉండేది. అట్లాంటిది పెచ్చులు ఊడకుండా దొరికితే మీరు 12000 కూడా కొనక్కర్లేదు.

రాయి చదునుగా లేకపోతే ఎంత మంచి రాయైనా దండగ. ఇది ఎవరూ మొదట చెప్పరు, నేనూ ఆలస్యంగానే నేర్చుకున్నాను. వీపూ వాదరా రెండూ ఆనాలి అన్నాను కదా, రాయి మధ్యలో గుంట పడితే వాదర అక్కడ తగలదు, కొసలు మాత్రం ఎక్కువ అరుగుతాయి. కొత్త రాయి కూడా చదునుగా వస్తుందని నమ్మకండి. పెన్సిల్‌తో రాయి మీద గళ్ళు గీసి, చదునైన దాని మీద రుద్దండి. గళ్ళన్నీ ఒకేసారి పోతే చదును, మధ్యలో గళ్ళు మిగిలితే గుంట ఉన్నట్టు. దీనికి 400 నంబరు డైమండ్ ప్లేటు సుఖం. లేదంటే మీరు ఉన్న చోటే అదృష్టం ఉంది. చిత్తూరు చుట్టుపక్కల గ్రానైటు పాలిష్ పట్టేచోట కోసి పారేసిన ముక్కలు దొరుకుతాయి, అడిగితే టీ డబ్బులకు ఇస్తారు. ఒక అడుగు ముక్క చాలు. స్టీలు స్కేలు అంచు నిలబెట్టి వెలుతురుకు ఎదురుగా చూడండి, కింద నుంచి వెలుగు రాకపోతే ఆ ముక్క పనికొస్తుంది. దాని మీద 320 వాటర్ పేపరు నీళ్ళతో అతికించి రాయిని ఎనిమిది ఆకారంలో రుద్దండి. తర్వాత పెయింటు పని చేసేవాళ్ళు చేసినట్టే పేపరు మార్చి 600 మీద ఒకసారి. రాయి నాలుగు అంచులూ కాస్త మొండి చేయండి, లేకపోతే కత్తికి తగిలి పెచ్చు లేస్తుంది. చివర బాగా కడగండి. పేపరు నుంచి రాలిన ఒక్క రేణువు రాయిలో ఇరుక్కున్నా దాని గీత మీ వాదర మీద కనిపిస్తుంది.

తోలు గురించి మీరు అడగలేదు, కానీ రాయి కంటే ముందు దాని మీద డబ్బు పెట్టమంటాను. గడ్డం గీసే ప్రతిసారీ ముందు తోలు, రెండు మూడు నెలలకోసారి రాయి. గీసినప్పుడు ఆ సన్నటి అంచు కంటికి కనిపించకుండా అటూ ఇటూ వంగుతుంది. తోలు దాన్ని నిలబెడుతుంది. ముందు కాన్వాసు గుడ్డ మీద ఇరవై ముప్పై సార్లు, తర్వాత తోలు మీద యాభై. రాయి మీద వాదర ముందు నడుస్తుంది, తోలు మీద వీపు ముందు నడుస్తుంది. ఈ ఒక్క మాట గుర్తు లేకే తోళ్ళు తెగుతాయి. చివరకు వచ్చాక కత్తిని వీపు మీదే తిప్పాలి, వాదర ఎప్పుడూ తోలు వదిలి గాల్లో ఉండాలి. తోలు బిగువుగా లాగి పట్టండి, వదులైతే అంచు గుండ్రమవుతుంది.

పద్నాలుగేళ్ళప్పుడు నాయన లేని టైములో హీరోలా టపటపమని తోలు మీద కొట్టి, తిప్పడంలో వాదర తగిలి అరచేయంత తోలు చెక్కేశాను. సాయంత్రం చూసి ఆయన ఒక్క మాట అనలేదు. మూలన పడి ఉన్న విరిగిన కత్తి ఒకటి తీసి, దాని వాదర గడప రాయి మీద మొత్తం మొండి చేసి నా చేతికిచ్చాడు. రోజూ పొద్దున వంద, నెల రోజులు. చప్పుడు రాకూడదన్నాడు. మీరు కూడా మొదటి తోలు చవకది కొనండి, అది ఎట్లాగూ తెగుతుంది.

తోలుకు పచ్చ పేస్టు రాయాలా అంటే, అసలు తోలుకు వద్దు. వేరే చిన్న చెక్క మీద తోలు అతికించి దానికి క్రోమియం ఆక్సైడ్, 0.5 మైక్రానుది, పలచగా రాసుకుంటే రాయి దగ్గరికి వెళ్ళే పని ఇంకొన్ని వారాలు వాయిదా పడుతుంది. పది తోపులు చాలు. స్టీలు పాత్రలకు మెరుగు పెట్టేచోట వాడే పచ్చ సబ్బు కూడా అదే కదా అనుకోకండి, అందులో ముతక రేణువులు కలిసి ఉంటాయి.

రాయి మీదికి ఎప్పుడు వెళ్ళాలో ముఖమే చెబుతుంది. పై పెదవి మీద, గడ్డం గుంటలో వెంట్రుక లాగుతున్నట్టు ఉండి, తోలు మీద వంద వేసినా తగ్గకపోతే అప్పుడు. వారానికి మూడుసార్లు గీసుకునే నాకు అది సుమారు మూడు నెలలకు వస్తుంది. అప్పుడు చేసే పని పది నిమిషాలది. రాయికి నీళ్ళు చిలకరించి, కత్తి పడుకోబెట్టి, మడమ (వాదరకు పిడి వైపు చివర) నుంచి కొస దాకా ఏటవాలుగా జారుస్తూ తోయండి. రాయి వెడల్పు కంటే కత్తి పొడుగు ఎక్కువ కాబట్టి, పైగా పాత కత్తి ఏదీ బద్దలా తిన్నగా ఉండదు కాబట్టి ఈ ఏటవాలు తోపు. పోవడం ఒక వైపు, రావడం ఒక వైపు, పన్నెండు పదిహేను జతలు. ఒత్తిడి అనేదే ఉండకూడదు. కత్తి బరువు తప్ప మీ చేతి బరువు దాని మీద పడకూడదు. వాదర ముందు నీళ్ళు తెరలా తోసుకుపోతూ కొంచెం అంచు పైకి ఎక్కుతుంటే సరిగ్గా ఆనుతున్నట్టు. కత్తి కింది నుంచి నీళ్ళు జారిపోతుంటే ఎక్కడో ఎత్తుతున్నారు.

అనుమానంగా ఉంటే మార్కర్ పెన్నుతో వాలు పొడుగునా నలుపు రాయండి. రెండు తోపులు తోసి చూడండి. నలుపు అంచు దాకా పోతే సరే. వాలు పైభాగంలోనే పోయి అంచు దగ్గర మిగిలితే ఆ రాయి వాదరను తాకడం లేదు, దాని మీద మీరు వెయ్యి తోసినా వ్యర్థం, ఆ కత్తికి కింది మెట్టు రాయి కావాలి. చేతి మీద వెంట్రుకల కొసలు చర్మానికి తగలకుండా తెగుతున్నాయా అని చూడటం ఇంకో పరీక్ష. బొటనవేలు వాదర మీద పొడుగునా జార్చడం మాత్రం వద్దు, మొదటి రోజే ఆస్పత్రి టెన్షన్ ఎందుకు.

వీపుకు ఇన్సులేషన్ టేపు వేయాలా అని మీరు తర్వాత అడుగుతారు, అందరూ అడుగుతారు. ఒక పొర వేస్తే వీపు అరగదు, కోణం కొద్దిగా పెరుగుతుంది. వేసినా మంచిదే, వేయకపోయినా మంచిదే. ఒకసారి టేపుతో పదును పెట్టిన కత్తికి తర్వాత కూడా టేపు వేసే నూరాలి. లేకపోతే రాయి అంచును చేరదు. నేను బంగారు పూత ఉన్నవాటికే వేస్తాను.

తుప్పు గురించి క్లుప్తంగా. గీశాక కడిగి, టిష్యూతో తుడిచి, తోలు మీద నాలుగు వేసి ఆరనిచ్చి, వారం దాకా వాడనంటే కుట్టు మిషన్ నూనె చుక్క పూయండి. బాత్రూంలో పెట్టకండి. 2021 నవంబరు వానలకు మా కింది గదిలోకి నీళ్ళొచ్చి రెండు కత్తులు తడి పెట్టెలో రెండు రోజులు ఉండిపోయాయి. వీపు మీద మచ్చలు పోయాయి కానీ ఒకదాని వాదర పక్కన నల్లటి చుక్కలు లోపలికి దిగాయి. నూరేకొద్దీ అక్కడ అంచు రాలుతూనే ఉంది.

ఇదంతా చెప్పి మీ కత్తి దగ్గర ఆగుతున్నాను, ఎందుకంటే మీరు ఇంకా ఏ రాయీ కొనకముందు తేలాల్సింది అదే. సొలింగెన్ అనేది కంపెనీ కాదు, జర్మనీలో ఒక ఊరు. ఆ పేరు వేసుకోవడానికి అక్కడ 1938 నుంచి చట్టమే ఉంది, కాబట్టి ఉక్కు విషయంలో నాకు భయం లేదు. భయమల్లా ఇన్నేళ్ళు పెట్టెలో అది ఎట్లా ఉందనే. చెక్క పిడి నుంచి కత్తిని ఊడదీయకుండానే, వెలుతురులో రెండు వైపులా వాదర పొడుగునా చూడండి. బీట ఉందా, ఉంటే దాన్ని ముఖం దగ్గరికి తేకండి. మధ్యలో వాదర లోపలికి వంగి దోనెలా ఉందా, అది గరుకు రాయి ఉన్నవాళ్ళు సరిచేయాలి. నల్ల చుక్కలు అంచును తాకుతున్నాయా? స్కేలుతో వెడల్పు, వీపు మందం కొలవండి. రెండు వైపుల ఫోటోలు, ఆ రెండు కొలతలు ఇక్కడ పెడితే 12000 ఒక్కటే చాలా, 1000 నుంచి మొదలుపెట్టాలా అన్నది చెబుతాను. 1000 నుంచే అయితే మీరు ఆ రాయి కొనవద్దు. ఎప్పుడైనా కొండకు వచ్చినప్పుడు కత్తి తీసుకురండి, వాలు నేను పెట్టి ఇస్తాను.